తిథి లేని అతిథి

పుంటా అరెనాస్ గ్రంథాలయంలో
నిశ్శబ్దం పాటించనిది గాలి ఒక్కటే.
జలసంధి మీంచి వచ్చి వచ్చి
కిటికీ అద్దాల చేత పళ్లు నూరిస్తుంటే
తలుపు భుజంతో తోసుకుని
ఎలిసెయో బర్రీయా లోపలికొచ్చాడు,
అరచేతుల్లో ఇంకా సెంతోయా పీతల ముళ్లు,
గుప్పిట్లో చచ్చి బతికిన ఫోను.

ముప్పై ఎనిమిది రోజులు నీళ్ల మీద.
పదిహేనో రోజున చార్జింగు పోయింది,
ఆ తర్వాత ఉప్పు సిమ్ముని తినేసింది.
రేవులో తాళ్లమ్మే కొట్లో గంటసేపు ప్లగ్గుకి తగిలిస్తే
కళ్లు తెరిచింది.

గోడ మీద కాగితం:
అతిథుల వైఫై. ఉచితం. పాస్‌వర్డ్ అక్కర్లేదు.
ఉచితమంటే నమ్మే వయసు కాదు ఆయనది.
అయినా నొక్కాడు.
కనెక్ట్ అయింది, అంది ఫోను.
కిందనే చిన్నక్షరాల్లో, ఇంటర్నెట్ లేదు, అంది.
పీట వేసి, ఆకు వేసి, నీళ్లు చల్లి,
వడ్డించేవాళ్లు వెళ్లిపోయినట్టు.

కౌంటరు వెనక నుంచి దనీత్సా లేచింది.
జీతం పుస్తకాలకి,
పని సగం ఫోన్ల వైద్యం.
"ముందు మర్చిపోవాలి," అంది.
"ఎవర్ని?"
"నెట్‌వర్క్‌ని. మర్చిపోయి మళ్లీ కొత్తగా పలకరించాలి."
"మా తమ్ముడి విషయంలో అదే చేశాను," అన్నాడు,
"పని చెయ్యలేదు."

ఇక్కడా చెయ్యలేదు.
విమానం బొమ్మ నొక్కింది, తీసింది.
ఆపింది, వెలిగించింది.
ఏ మేనల్లుడో ఎప్పుడో ఎక్కించిన వీపీఎన్ ఒకటి దొరికింది.
ముసుగేసుకొచ్చినవాణ్ణి గుమ్మం దగ్గర ఆపరూ మరి!
దాన్నీ తీసేసింది.
రావలసింది ఒక్క పేజీ,
అందులో 'ఒప్పుకుంటున్నాను' అనే నీలం బొత్తాం.
దాని బదులు ఎర్ర త్రికోణం వచ్చింది:
ఈ చోటు నమ్మదగింది కాదు.

"ఎవర్ని అంటోంది?" అడిగాడు ఎలిసెయో,
"నన్నా, మిమ్మల్నా?"

అప్పుడు చూసింది దనీత్సా, తెర పైమూలలో.
జనవరి ఒకటి.
ఆయన పడవకింకా పాత ఇంజనున్న ఏడాది.
చచ్చి లేచిన ఫోను
ఎక్కడ లేచానని చూసుకోకుండా
తను పుట్టిన రోజుకే పోయి కూర్చుంది.
అక్కణ్ణుంచి చూస్తే
ఇవాళ్టి సర్టిఫికెట్లన్నీ ఇంకా రాయనివి.
ఇంకా పుట్టనివాడి సంతకం
ఎవరు మాత్రం నమ్ముతారు?

మన మాటలో
అతిథి అంటే తిథి లేకుండా వచ్చేవాడు.
చెప్పాపెట్టకుండా వచ్చినా
కాళ్లకి నీళ్లు అందుకే ఇచ్చేవాళ్లం.
ఈ గుమ్మం వేరు.
పేరడగదు, ఊరడగదు, పైసా అడగదు,
ఇవాళ ఏ తారీఖో చెప్పు చాలంటుంది.
సముద్రం నుంచి వచ్చినవాణ్ణి
అడక్కూడని ప్రశ్న అదొక్కటే.

"ఇవాళ మంగళవారం కదా?"
"గురువారం."
ఆ రెండు రోజులూ దారిలో జారిపడ్డాయేమోనని
ఆయన తలుపు వైపు చూశాడు.

తారీఖు దిద్దింది. గంట దిద్దింది.
నీలం బొత్తాం తగుదునమ్మా అని వచ్చింది.
ముళ్లు దిగిన బొటనవేలిని తెర గుర్తుపట్టలేదు,
మూడోసారికి చిటికెనవేలితో ఒప్పుకున్నాడు.
నూట పన్నెండు సందేశాలు.
అందులో ముప్పై ఒకటి తమ్ముడి గొంతు.
అవేవీ ముట్టుకోలేదు.
గాలి సమాచారం తెరిచి చూసి,
"రేపు తగ్గుతుందట," అన్నాడు,
అద్దాలు పళ్లు నూరుతుండగానే.

ఏడింటికి దీపాలు ఆపేశారు.
బయట, వెనక గోడవార,
వైఫై రెండు గీతలు ఇంకా కారుతుంటాయి.
అక్కడ హోంవర్కు పిల్ల ఒకతె,
తిండి డబ్బాల సైకిలు కుర్రాడొకడు,
వాళ్ల పక్కన చోటు చేసుకుని
కోటు కాలరు లేపి, ఫోను చెవికి గట్టిగా అదిమి,
మొదటిది విన్నాడు.
"అసలు ఇవాళ తారీఖెంతో తెలుసా నీకు?"
అరుస్తున్నాడు తమ్ముడు.

"గురువారం," అన్నాడు ఎలిసెయో
గోడతో.